నిత్యానందం మూడో సినిమా

వట్లూరులో పాల ప్యాకెట్టు కోసం వెళ్ళినా, బండి టైరులో గాలి కొట్టించుకోవడానికి వెళ్ళినా నిత్యానందాన్ని జనం అడిగే మాట ఒకటే.

"డైరెక్టరు గారూ, తర్వాత సినిమా ఎప్పుడండీ?"

అడిగేవాళ్ళ గొంతులో ఎగతాళి ఉండేది కాదు. ఉంటే కనీసం కోపం తెచ్చుకోవడానికి వీలుండేది. ఇక్కడి మనుషులు మెత్తగా, మర్యాదగా, నిజంగానే తెలుసుకోవాలని అడిగేవారు. "వస్తుందండీ, ఆ పనిమీదే ఉన్నాం" అని నవ్వేసేవాడు. ఇంటికొచ్చాక ఆ నవ్వు తీసి అవతల పారేసి, కుర్చీలో కూలబడి, భార్య రాజకుమారి మీద విసుక్కునేవాడు. వచ్చేటప్పుడు పాల ప్యాకెట్టు నువ్వే తెచ్చుకోవచ్చుగా అనేవాడు.

రాజకుమారి దెందులూరు వైపు ఒక హైస్కూల్లో సోషల్ టీచరు. స్టాఫ్ రూములో ఆమెకీ అదే ప్రశ్న ఎదురయ్యేది. ఆమె నవ్వేది కూడా కాదు. "ఆయన్నే అడగండి" అని చాక్‌పీసులు తీసుకుని క్లాసుకి వెళ్ళిపోయేది.

నిత్యానందానికి సినిమా పిచ్చి ఎప్పుడు పట్టిందో అత్తగారు యేసమ్మ బతికున్నప్పుడు రాజకుమారికి పదేపదే చెప్పేది. మండవల్లికి అవతల, కొల్లేట్లోకి చొచ్చుకుపోయినట్టుండే లంక ఊరు వాళ్ళది. తండ్రి జాషువా మిషన్ బడిలో మాస్టారు. ఒక క్రిస్మస్‌కి చర్చిలో నాటకం వేయించే పని పదో తరగతి చదువుతున్న నిత్యానందానికి అప్పగించారు. వాడు గొర్రెల కాపరుల్ని స్టేజి పక్క నుంచి నడిపించలేదు. తాటిదోనెల్లో ఎక్కించి చర్చి వెనకున్న కాలవ మీదుగా రప్పించాడు. వాళ్ళు తోలుకొచ్చినవి గొర్రెలు కావు, బాతులు. ఆ బాతులు తిన్నగా పశువులపాక సెట్టింగులోకి దూరి, బాలయేసు కింద పరిచిన గడ్డిలో ముక్కులు పెట్టి వడ్లగింజలు ఏరుకు తినడం మొదలుపెట్టాయి. జనం విరగబడి నవ్వారు.

పాస్టరు గారికి ఒళ్ళు మండింది. "బైబిల్లో బాతులెక్కడున్నాయిరా?" అని కేకలేశారు.

"మనూళ్ళో గొర్రెలెక్కడున్నాయండీ, అయ్యగారూ?" అన్నాడు నిత్యానందం.

తండ్రి చెవి మెలేసి ఇంటికి లాక్కెళ్ళాడు. యేసమ్మ మాత్రం ఆ కథ చెప్పిన ప్రతిసారీ, "ఆళ్ళు దోనెలు దిగి వస్తుంటే మా ఊళ్ళోకే దేవుడొచ్చినట్టుందమ్మా" అనేది.

ఏలూరులో డిగ్రీ అయిందనిపించి హైదరాబాదు వెళ్ళాడు. అసిస్టెంటు డైరెక్టరుగా చేరాడు. క్లాప్ కొట్టాడు, హీరోయిన్లకి తెలుగు మాటలు నేర్పాడు, ఎండలో జూనియర్ ఆర్టిస్టుల్ని వరసల్లో నిలబెట్టాడు. అసోసియేట్ అయ్యాక, ఏడాదిలో సొంత సినిమా ఖాయమని పాస్టరు గారి ద్వారా కబురు పంపి రాజకుమారిని పెళ్ళి చేసుకున్నాడు. ఆ ఏడాది పదేళ్ళు సాగింది. అప్పటికే ఆమెకి టీచరు ఉద్యోగం వచ్చింది కాబట్టి ఆమె ఇక్కడే ఉండిపోయింది. అతను పండగలకీ, పాప జాయ్సీ పుట్టినప్పుడూ వచ్చి పోయేవాడు.

మధ్యలో ఒక దెబ్బ తగిలింది. మొదటి సీను నుంచి ఆఖరి సీను దాకా పూర్తిగా రాసిన కథ ఒకటి ఒక నిర్మాత ఆఫీసులో ఇచ్చి వచ్చాడు. చూస్తామన్నారు. తర్వాత ఫోన్లు ఎత్తలేదు. రెండేళ్ళ తర్వాత సెలవులకి వచ్చి, రాజకుమారిని ఏలూరులో సినిమాకి తీసుకెళ్తే, తెరమీద ఆడుతున్నది ఆ కథే. పాటలు కలిపారు, ఊరు మార్చారు, చివర మాత్రం అతను రాసింది రాసినట్టే ఉంది. హాల్లో అందరూ కళ్ళు తుడుచుకుంటుంటే అతను పళ్ళు బిగబట్టి కూర్చున్నాడు. హైదరాబాదు వెళ్ళి గొడవ పెడితే రుజువు చూపించమన్నారు. అప్పటి నుంచి కథ ఎంత రాసినా చివరి సీను కాయితం మీద పెట్టడం మానేశాడు. అడిగితే తల వేలితో తట్టి, "ఇక్కడుంది" అనేవాడు.

ఎట్టకేలకు మొదటి సినిమా వచ్చింది. పేరు 'గూడెం గుమస్తా'. రాజకుమారి తండ్రి రత్నమాణిక్యం తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్లో గుమస్తాగా పనిచేసి రిటైరయ్యాడు. మామగారి నడక, మాట, సేటు ముందు ఆయన దగ్గే దగ్గు, అన్నీ అల్లుడు ఎత్తేసి సినిమాలో పెట్టాడు. సినిమా చూసి పెద్దాయన, "నేనలా నడుస్తానా ఏంటమ్మా?" అని కూతుర్ని అడిగి, సమాధానం వినకుండా సరిగ్గా అలాగే నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. సినిమా బాగా ఆడింది. అందులో గుమస్తా సేటుతో అనే మాట, "ఉల్లిపాయ కొయ్యకుండానే ఏడిపించేస్తున్నారేంటండీ బాబూ!" అన్నది జనం నోళ్ళలో పడింది. ఇప్పటికీ ఫోన్లలో ఆ బొమ్మ, ఆ మాట తిరుగుతూనే ఉంటాయి. జీతాలు ఆలస్యమైనా, కరెంటు పోయినా రాజకుమారి స్కూలు వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒకరు అది పెడతారు. దాన్ని తీసినాయన ఇదే గ్రూపులో ఉన్న టీచరు మొగుడని కొత్తగా వచ్చినవాళ్ళలో ఎవరికీ తెలియదు.

రెండో సినిమా పేరు ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు. హీరోని నిర్మాత తెచ్చాడు. హీరో తన మాటల రచయితని తెచ్చుకున్నాడు. ఆ రచయిత నాలుగు ఫైట్లు తెచ్చాడు. చివరికి నిత్యానందాన్ని లొకేషన్ చూసి రమ్మని అరకు పంపి, అతను తిరిగొచ్చేలోగా క్లైమాక్స్ ఫైట్ మాస్టరు చేత తీయించేశారు. తన సినిమా ముగింపు అతను మొదటిసారి థియేటర్లోనే చూశాడు. సినిమా పోయింది. పోయినప్పుడు మాత్రం అది నిత్యానందం సినిమా అయింది.

ఆ తర్వాత కొన్నేళ్ళు కథలు చెప్పడంలోనే గడిచాయి. కార్ల పక్కన నిలబడి చెప్పాడు, జిమ్ముల బయట చెప్పాడు. ఒక హీరో అయితే కథ వింటూ నిద్రపోయి, లేచి, "సెకండాఫ్ బాగుంది అన్నా" అన్నాడు. చెప్పింది ఇంటర్వెల్ దాకానే. చివరికి పెట్టె సర్దుకుని వట్లూరు వచ్చేశాడు.

వచ్చినవాడికి పనేం దొరుకుతుంది? పెళ్ళికి ముందు వధూవరులకి వీడియోలు తీసే పని దొరికింది. జంటలు కొల్లేట్లో దోనె ఎక్కి నిలబడేవి. నీళ్ళ మీద కొంగలు లేవాలి, డ్రోను పైకి వెళ్ళాలి. "అంకుల్, స్లో మోషన్ పెట్టండి, మా ఫ్రెండుకి అలాగే తీశారు" అనేవాడు పెళ్ళికొడుకు. ఇంటికొచ్చి బూట్ల బురద కడుక్కుంటూ, "వాడికి నేను షాట్ నేర్పాలా, నాకు వాడు నేర్పాలా?" అని గొణిగేవాడు. రాజకుమారికి జాలేసేది. జాలి వెనకే చిరాకు వచ్చేది. ఇంట్లో ఒక మనిషి రోజూ ఓడిపోయి వస్తుంటే, ఆ ఓటమిలో సగం అన్నం పెట్టే మనిషి మోయాలి మరి.

అలాంటి రోజుల్లో తాతారావు తగిలాడు. గుండుగొలనులో చేపల చెరువుల ఆసామి. మగపెళ్ళివారు తీయించిన కూతురి పెళ్ళి వీడియో చూసి, తీసిందెవరని ఆరా తీసి, తిన్నగా ఇంటికొచ్చాడు.

"గూడెం గుమస్తా మీదేనంట కదండీ! ఆ సినిమా నేనెన్నిసార్లు చూశానో నాకే తెలీదండీ. అలాంటిదొకటి మన కొల్లేటి మీద తీద్దారండీ. నేనున్నాను" అన్నాడు.

నిత్యానందం దగ్గర కథ సిద్ధంగానే ఉంది. వరమ్మ అనే ఆవిడ భర్త చెరువు కాపలాదారు. అతను చనిపోతే ఆ కాపలా పని ఈవిడ చేస్తూ, గట్టుమీద పాకలో ఉంటుంది. చేపలు దొంగిలించిందని ఆసామి నింద వేసి పొమ్మంటాడు. ఆవిడ పోదు. ఊరంతా ఆవిడతో మాట్లాడ్డం మానేసినా గట్టు దిగదు. చివరికి దొంగ ఆసామి తమ్ముడేనని తేలుతుంది. ఆసామి తలొంచుకుని ఆవిడ పాక దగ్గరికి వస్తాడు. అప్పుడు వరమ్మ ఏం చేస్తుంది? అదీ ముగింపు. అదే ఎవరికీ తెలియదు.

వరమ్మ వేషానికి తాడేపల్లిగూడెం నాటక సమాజంలో పేరున్న కనకరత్నాన్ని తీసుకున్నాడు. కెమెరాకి అజయ్ అనే కుర్రాణ్ణి పెట్టుకున్నాడు. గుండుగొలను దగ్గర హైవే దిగి లోపలికి వెళ్తే తాతారావు చెరువులే. అక్కడే గట్టుమీద పాక వేయించాడు. పక్షులు దిగే చలికాలంలో షూటింగు మొదలైంది. చాలా ఏళ్ళ తర్వాత అతను పొద్దున్నే ఈల వేసుకుంటూ స్నానం చేయడం రాజకుమారి విన్నది.

సాయంత్రాలు ఆమె పరీక్ష పేపర్లు దిద్దుకుంటుంటే ఎదురుగా కూర్చుని ముగింపు చెప్పేవాడు. సోమవారం నాటి వరమ్మ తూము ఎత్తేసి చేపలన్నీ కొల్లేట్లోకి వదిలేసేది. బుధవారం నాటి వరమ్మ దోనె ఎక్కి వెనక్కి చూడకుండా వెళ్ళిపోయేది. ఇంకో రోజు ఆసామి చెంప పగలగొట్టేది. మరో రోజు క్షమించేసేది.

"మొన్న వేరేగా చెప్పారు కదండీ" అనేది రాజకుమారి.

"మొన్నటిది బాలేదు."

ఒకరోజు ఆమెకి విసుగొచ్చి ఎర్ర పెన్ను కింద పెట్టేసింది. "ఆవిడ ఎక్కడికీ వెళ్ళదండీ. ఎందుకెళ్తుంది? తప్పు చేసింది ఆవిడా? ఆ ఆసామి వచ్చి గుమ్మంలో నిలబడతాడు. ఈవిడ ఎసరు పెట్టుకుని, అన్నం వండుకుని, వడ్డించుకుని తింటుంది. ఆయన్ని తిన్నారా అని అడగదు. అంతే."

నిత్యానందం కాసేపు ఆమె వంక చూశాడు. "అంతేనా?"

"ఇంకేం కావాలి? మన వైపు ఇంటికొచ్చిన మనిషిని భోంచేశారా అని అడక్కపోవడం కన్నా పెద్ద చెంపదెబ్బ ఏముందండీ? పగవాణ్ణయినా అడుగుతాం."

"అది మన జిల్లాల వాళ్ళకి అర్థమవుద్ది రాజీ. నైజాంలో ఎలా ఆడుద్ది? ఆవిడెవరో అన్నం తింటుంటే సినిమా అయిపోయిందేంట్రా అని కుర్చీలు విరగ్గొడతారు."

"అన్నం అందరూ తింటారు."

"తింటారు. కానీ అడక్కపోతే అవమానమని అందరూ అనుకోరు."

ఆ వాదన వారం పాటు నడిచింది. కూర రుచి మీద మొదలైన మాట కూడా వరమ్మ దగ్గర తేలేది. జాయ్సీ ఇంజినీరింగ్ పుస్తకాలు పట్టుకుని వేరే గదిలోకి పోయేది. ఇద్దరిలో ఎవరూ తగ్గలేదు.

చివరి సీను తీయడానికి ముందురోజు నిత్యానందం పొద్దున్న గుండె రుద్దుకుంటూ కనిపించాడు. అంతకు రెండు రోజుల ముందు నుంచీ గ్యాస్ అంటున్నాడు, మందుల షాపులో మాత్రలు కొనుక్కుని మింగుతున్నాడు.

"డాక్టరుకి చూపించుకోండి" అన్నది రాజకుమారి.

"రేపు క్లైమాక్స్ అయిపోనీ."

"ఇంతకీ ఏది ఖాయం చేశారు?"

"రేపు సెలవు పెట్టి వచ్చి నువ్వే చూడు."

"రేపు ఇన్‌స్పెక్షనండీ. కుదరదు."

"నీకెప్పుడు కుదిరింది గనక!" అని బండి తాళాల కోసం వెతికి, బయట అజయ్ కారు హారన్ వినపడగానే తాళాలు అక్కర్లేదని గుర్తొచ్చి, ఆ చిరాకు కూడా ఆమె మీదే చూపించి వెళ్ళిపోయాడు. ఆమె కూడా మూతి ముడుచుకునే బస్సెక్కింది.

గుండుగొలను సెంటర్లో టీ కోసం ఆగారు. అజయ్ కారులోనే అడిగాడట, రేపు ఏ లెన్సులు తెప్పించాలో తెలియాలి కదా, ముగింపు చెప్పండి సార్ అని. "రేపే చెప్తాను. ఇవాళ చెప్తే మీరంతా కలిసి పాడు చేస్తారు" అన్నాడట. టీ గ్లాసు అందుకుంటూ బెంచీ మీద నుంచి పక్కకి ఒరిగిపోయాడు. గ్లాసు పగిలింది కానీ, కేక లేదు, మాట లేదు. కారులో పడుకోబెట్టి ఏలూరు తీసుకొచ్చేలోగా దారిలోనే ప్రాణం పోయింది. ఆయనకి యాభై దాటి ఎంతో కాలం కాలేదు.

రాజకుమారి తొమ్మిదో తరగతిలో పాఠం చెబుతుండగా హెడ్‌మాస్టరు గారు గుమ్మంలోకి వచ్చి నిలబడి, "మీరొకసారి బయటికి రండమ్మా" అన్నారు.

తర్వాతి రెండు రోజులూ ప్రతిదీ చిరాకు తెప్పిస్తుంటే ఆమె సరిగ్గా ఏడవలేకపోయింది. ఒక టీవీ ఛానల్లో 'దర్శకుడు నిత్యానంద్ కన్నుమూత' అని వేసి, పక్కన 'గూడెం గుమస్తా'లో సేటు వేషం వేసిన నటుడి ఫోటో పెట్టారు. ఆ నటుడు కంగారుపడి ఆమెకే ఫోన్ చేశాడు. "నేను బతికే ఉన్నానండమ్మా, కాస్త వాళ్ళకి చెప్పండి" అన్నాడు. భర్త శవం పక్కన కూర్చుని, ఆ ఛానల్ వాళ్ళ నంబరు ఎవరిస్తారా అని ఆమె ఆలోచించాల్సి వచ్చింది. ఆయన ఫోన్ చేస్తే ఎత్తనివాళ్ళంతా ఆయన గొప్ప గురించి వీడియోలు పెట్టారు. కథ వింటూ నిద్రపోయిన హీరో, 'నా జీవితంలో నేను కలిసిన అద్భుతమైన కథకుడు' అని రాశాడు. ఇదే మాట బతికుండగా ఒక్కసారి అనుంటే ఏం పోయేదని జాయ్సీ ఫోను విసిరి కొట్టబోయింది.

ఏలూరు సమాధుల తోటలో పెట్టి వచ్చారు. ఇంట్లో పెట్టిన ఆదరణ కూడిక అయ్యాక, పాస్టరు గారు ప్రార్థన ముగించి వెళ్ళాక, తాతారావు మొహమాటంగా కుర్చీ ముందుకి లాక్కున్నాడు. అక్కడ కనకరత్నం, అజయ్ ఉన్నారు. ఒకప్పుడు నిత్యానందం దగ్గర అసిస్టెంటుగా చేరి, ఇప్పుడు పెద్ద హీరోలతో సినిమాలు తీస్తున్న వీరేంద్ర కూడా హైదరాబాదు నుంచి వచ్చాడు.

"ఇలాంటప్పుడు అడక్కూడదు గానీండీ," అన్నాడు తాతారావు. "సినిమా ఆపేస్తే ఆయన కష్టమంతా ఏమవుద్దండమ్మా? మిగిలింది చివరి సీనొక్కటే. అదెలా అనుకున్నారో మీతో ఏమైనా చెప్పారా అండీ?"

"మీతో చెప్పలేదా?" అన్నది రాజకుమారి.

"చెప్పారండీ. ఆసామి ఆవిడ కాళ్ళమీద పడతాడన్నారు."

"అదేంటండీ!" అన్నాడు అజయ్. "నాతో తూము ఎత్తేస్తుందన్నారు. చేపలు నీళ్ళలోకి దూకుతుంటే డ్రోన్ షాట్ అన్నారు."

కనకరత్నం కొంగుతో కళ్ళొత్తుకుంటూ, "నాతో దోనె ఎక్కి వెళ్ళిపోవాలన్నారండీ. దోనె తొయ్యడం నేర్చుకున్నాను కూడానూ" అన్నది.

ఎవరికి ఏది నచ్చుతుందో వాళ్ళకి అది చెప్పి, అసలుది దాచుకున్నాడు. దాచుకున్నది పట్టుకుని వెళ్ళిపోయాడు. రాజకుమారికి కోపం తన్నుకొచ్చింది. ఇన్నేళ్ళూ ఎవరో ఎత్తుకుపోతారని భయపడ్డాడు. ఇప్పుడెవరికి దక్కింది?

వీరేంద్ర గొంతు సవరించుకున్నాడు. అతని కళ్ళు ఎర్రగా ఉన్నాయి, అతని దుఃఖంలో నటన లేదు. "అక్కా, మీరు ఒప్పుకుంటే నేను పూర్తి చేస్తాను. నా పేరు కూడా వద్దు. తుఫాను పెడదాం. గట్టు తెగుతుంది, నీళ్ళు ఊరి మీదకి వస్తుంటే వరమ్మ ఆసామి కూతుర్ని కాపాడి తను కొట్టుకుపోతుంది. గ్రాఫిక్స్ నేను చూసుకుంటాను. జనం ఏడుస్తూ బయటికి రావాలక్కా."

తాతారావు ముఖం వెలిగింది. అజయ్ కూడా తలాడించాడు. అరకు నుంచి తిరిగొచ్చిన రోజు నిత్యానందం ముఖం రాజకుమారి కళ్ళముందు మెదిలింది. ఇప్పుడు కూడా ఆయన సినిమాకి ఎవరో వచ్చి ముగింపు పెట్టేస్తున్నారు.

"అక్కర్లేదు" అన్నది. గొంతు ఆమె అనుకున్నదానికన్నా గట్టిగా వచ్చింది. "ఆయన ఖాయం చేసింది నాతో చెప్పారు. ఆ పొద్దున్నే చెప్పారు."

అందరూ ఆమె వైపు తిరిగారు. జాయ్సీ కూడా.

రాజకుమారి తన ముగింపు చెప్పింది. ఎసరు, అన్నం, గుమ్మంలో మనిషి, అడగని మాట. చెబుతున్నంతసేపూ చేతులు ఒళ్ళో గట్టిగా పట్టుకుని కూర్చుంది. పాతికేళ్ళ సర్వీసులో పిల్లలకి అబద్ధం చెప్పొద్దని చెప్పినావిడ.

తాతారావు తల గోక్కున్నాడు. "మరీ ఇంత... అంటే, ఏమీ జరగదండీ?"

"జరుగుద్దండీ," అన్నది కనకరత్నం నెమ్మదిగా. "చానా జరుగుద్ది."

వీరేంద్ర రాజకుమారి కళ్ళలోకి చూశాడు. ఏదో అనబోయి ఆగాడు. "గురువుగారి మాటైతే ఇంకేం లేదక్కా. అలాగే తియ్యండి" అని లేచాడు.

సెలవు పెట్టి రాజకుమారి గట్టుమీదకి వెళ్ళింది. ఎవరో ఆయన కుర్చీ తెచ్చి వేస్తే అందులో కూర్చోలేదు. పాక గుంజకి ఆనుకుని నిలబడింది. అజయ్ కెమెరా పెట్టుకున్నాడు. కనకరత్నం పొయ్యి ముందు కూర్చుని, "ఎలా చెయ్యమన్నారండీ ఆయన?" అని అడిగింది.

చెప్పిన అబద్ధం అక్కడితో అయిపోలేదని రాజకుమారికి అప్పుడు తెలిసింది. దాన్ని ఇంకా పెంచాలి. కాసేపు నీళ్ళ వైపు చూసి, అన్నది: "ఆసామి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడని మీకు తెలుసు. బియ్యం డబ్బాలోంచి ఒక గ్లాసు తీసి పొయ్యండి. మనిషి ఉన్నాడు కదా, అలవాటుగా రెండో గ్లాసు కూడా ముంచుతారు. ముంచి, ఆగి, తిరిగి డబ్బాలో పోసెయ్యండి. ఆయన వంక చూడొద్దు."

కనకరత్నం అలాగే చేసింది. గ్లాసులోంచి బియ్యం డబ్బాలోకి జారిన ఆ చిన్న చప్పుడుకి గట్టుమీద లైట్లు పట్టుకున్నవాళ్ళు కూడా కదలకుండా నిలబడిపోయారు. ఆసామి వేషం వేసిన నటుడు భీమవరం మనిషి. షాట్ అయ్యాక పక్కకొచ్చి, "నిజంగానే తల కొట్టేసినట్టయిందండీ" అన్నాడు. అజయ్ కట్ చెప్పడం మర్చిపోయాడు. రాజకుమారి పాక వెనక్కి వెళ్ళి, ఎవరూ చూడకుండా, అప్పుడు ఏడ్చింది.

వేసవిలో సినిమా విడుదలైంది. ఏలూరులో మొదటి ఆట హాలు సగమే నిండింది. చివర్లో రెండో గ్లాసు బియ్యం డబ్బాలోకి వెళ్ళగానే వెనక వరసలోంచి ఒక ఆడమనిషి, "చూసేవా! తిన్నారా అని కూడా అడగలేదు!" అన్నది. పక్కావిడ, "అలాగే కావాలి ఎదవకి" అన్నది. నాలుగో రోజుకి టికెట్లు దొరకలేదు. తాడేపల్లిగూడెంలో, భీమవరంలో, కైకలూరులో ఆడవాళ్ళు ఆటోలు కట్టించుకుని వచ్చారు. తాతారావు రోజూ ఫోన్ చేసి, "ఆయ్, ఇవాళ కూడా ఫుల్లేనండీ!" అని చెప్పేవాడు.

హైదరాబాదులో సోమవారానికి ఎత్తేశారు. వరంగల్లులో, కరీంనగర్లో అంతకన్నా ముందే. యూట్యూబులో సినిమాల గురించి చెప్పే ఒక కుర్రాడు, "పోయినవాళ్ళని ఏమీ అనకూడదు గానీ, నిత్యానందం గారికి ముగింపు దొరకలేదనిపిస్తుంది. ఆవిడ అన్నం తింటుంటే సినిమా అయిపోతుంది. ఆయన బతికుంటే ఇంకోలా తీసేవారేమో" అన్నాడు. కింద వందల మంది అవునవునన్నారు.

రాజకుమారి ఆ వీడియో నాలుగుసార్లు చూసింది. ఆ ముగింపు ఆయనది కాదు, నాది అని రాయాలని టైపు చేసింది. రాస్తే ఏమవుతుంది? ఆయన సినిమాని పెళ్ళాం పాడుచేసిందంటారు. ఇక్కడ ఫుల్ అయిన ఆటలన్నీ కూడా ఆయనవి కాకుండా పోతాయి. తుడిపేసింది. మెచ్చుకున్నా ఆయన్నే, తిట్టినా ఆయన్నే. ఆమెకి రెంట్లోనూ చోటు లేదు.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి వీరేంద్ర ఫోన్ చేశాడు. సినిమా చూశానన్నాడు. అటూ ఇటూ మాట్లాడి, చివరికి, "అక్కా, అది గురువుగారు అనుకున్నది కాదు కదా?" అన్నాడు.

ఆమె ఫోను రెండో చెవికి మార్చుకుంది.

"ఆయన కథల్లో చివర ఎవరో ఒకరు నడిచి వెళ్ళిపోవాలక్కా. నాకు తెలిసి అన్నిట్లోనూ అంతే."

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"మీరు చెప్పిన రోజే."

"మరి ఎందుకు ఒప్పుకున్నావు? కాదనొచ్చుగా!"

"ఆయనైతే మీతో వాదించేవారు. నేనెవర్నక్కా?"

ఫోన్ పెట్టేసి రాజకుమారి మంచం మీద ఆరిన బట్టల కుప్ప ముందు కూర్చుంది. ఎవరో ఒకరు కాదని ఉంటే బాగుండేది. ఆయన నిజంగా ఏది ఖాయం చేశాడో ఇక ఈ జన్మలో తెలియదు. దోనె కావచ్చు, తూము కావచ్చు. ఆమె చెప్పిందే కూడా కావచ్చు. "రేపు సెలవు పెట్టి వచ్చి నువ్వే చూడు" అన్నది అందుకేనేమో. కాకపోనూవచ్చు. మామూలుగా ఉక్రోషంతో అన్న మాటేమో.

కూతురి చుడీదారు దులిపి మడత పెడుతూ, "మీరన్నట్టే నైజాంలో ఆడలేదు. సరే, ఒప్పుకుంటున్నాను" అన్నది పైకే. ఇంకో బట్ట తీసింది. "కానీ మన వైపు ఆడింది కదండీ. అది మీరు ఒప్పుకోరేం?"

లోపలి గదిలోంచి జాయ్సీ తొంగిచూసింది. "ఎవరితోనమ్మా?"

"ఎవరితోనూ కాదు" అన్నది రాజకుమారి కసురుకుంటున్నట్టు. "ఇలా వచ్చి ఈ దుప్పటి రెండో కొస పట్టుకో."